మూసిన వాల్వు చెప్పిన మాట

కుళాయి కట్టేసినా నీళ్ళు బొట్టు బొట్టుగా కారుతుంటే మీకు ఎలా తెలుస్తుంది? కింద బకెట్లో టప్, టప్ మని చప్పుడవుతుంది. బొట్టు కంటికి కనిపిస్తుంది. నేల తడుస్తుంది. అంతలో వంటింట్లోంచి అమ్మ, "ఆ కుళాయి సరిగా కట్టండర్రా!" అని కేక వేస్తుంది. సెకండుకు ఒక్క బొట్టు చొప్పున కారిందనుకోండి, రోజుకు 86,400 బొట్లు. ఇరవై బొట్లు ఒక మిల్లీలీటరు అని లెక్క కడితే, రోజుకు నాలుగు లీటర్లకు పైగా నీరు పోయిందన్నమాట. నెలకు సుమారు 130 లీటర్లు! ఒక్క బొట్టే కదా అనుకున్నదానికి ఇంత లెక్క ఉన్నది.

ఇప్పుడు మరో రకం కుళాయిని ఊహించుకోండి. దానికి బయటికి తెరుచుకునే మూతి లేదు. ఒక ఇనుప గొట్టం ఇటునుంచి వచ్చి దానిలో చేరుతుంది. మరో గొట్టం అటునుంచి బయలుదేరి ఎక్కడో ఒక పెద్ద పీపాలో కలుస్తుంది. మనకు కనిపించేదల్లా పైన ఉన్న చక్రం మాత్రమే. చక్రం తిప్పి మూసేశాం. అయినా లోపల కారుతోంది. బొట్టు కనపడదు, నేల తడవదు, ఎవరూ కేక వెయ్యరు. మరి కారుతున్నదని ఎలా తెలుసుకోవడం?

ఇటువంటి కుళాయిలనే వాల్వులు అంటారు. నేను బొగ్గుతో విద్యుత్తు తయారుచేసే ఒక కేంద్రంలో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేశాను. అటువంటి చోట వాల్వులు వేల సంఖ్యలో ఉంటాయి. కొన్ని మీ పిడికిలంత ఉంటాయి, కొన్ని మనిషి ఎత్తున ఉంటాయి. కొన్నిటిలో మామూలు నీరు పోతుంది. కొన్నిటిలో 540 డిగ్రీల వేడి గల ఆవిరి పోతుంది. అంత వేడి ఆవిరి కంటికి కనిపించదు. మనం పొగలాగా చూసేది ఆవిరి చల్లారి మళ్ళీ నీటి తుంపరగా మారిన తరవాతి సంగతి.

వాల్వు లోపలి ఏర్పాటు చాలా సులువైనది. గొట్టం మధ్యలో ఒక ఉంగరం వంటి లోహపు కట్టు ఉంటుంది. దాన్ని సీటు అంటారు. ఆ సీటు మీద బిళ్ళ వంటి మూత ఒకటి కూర్చుంటుంది. చక్రం తిప్పితే ఆ బిళ్ళ పైకి లేస్తుంది, లేదా కిందికి దిగుతుంది. ఊరగాయ జాడీ మీద మూత పెట్టినట్టే. మూతకూ జాడీ అంచుకూ మధ్య ఒక్క ఇసుక రేణువు పడినా మూత సరిగా కూర్చోదు గదా? వాల్వు సంగతీ అంతే. తుప్పు ముక్కో, ఇసుక రేణువో బిళ్ళ కింద ఇరుక్కుంటే చిన్న సందు మిగిలిపోతుంది. ఆ సందులోంచి ఆవిరి దూసుకుపోతూ, ఉలితో గీసినట్టుగా లోహాన్నే కోసేస్తుంది. ఇవాళ వెంట్రుకంత ఉన్న సందు కొన్నాళ్ళకు గోటి గీత అంత అవుతుంది. మూసిన వాల్వు ఇలా లోలోపల కారుతూ ఉంటే మా వాళ్ళు, "వాల్వు పాసవుతోంది" అంటారు.

పాసయితే నష్టమేమిటి అంటారా? ఒక నష్టం డబ్బుది. బొగ్గు కాల్చి, నీళ్ళు మరిగించి చేసిన ఆవిరి, యంత్రాన్ని తిప్పకుండానే దొడ్డిదారిన పోతుంది. ఆ బొగ్గంతా దండుగ. రెండో నష్టం డబ్బుతో కొలిచేది కాదు. అదేమిటో నేను 1983లో, పనిలో చేరిన కొత్తలో, నా కళ్ళతో చూశాను.

మా కేంద్రంలో బాయిలరుకు పోయే నీటిని ముందుగా వేడిచేసే ఒక పెద్ద పీపా ఉండేది. ఏడాదికోసారి యూనిట్టు ఆపి, పీపాలోని నీరు తోడేసి, మనిషి లోపలికి దిగి తుప్పు గీకి శుభ్రం చేయాలి. ఆ సారి కూడా అలాగే ఆపారు. కాని పక్క యూనిట్టు నడుస్తూనే ఉంది. అక్కడినుంచి ఈ పీపాకు ఒక ఆవిరి గొట్టం ఉంది. దానిలో ఆవిరి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికి సుమారు పది రెట్లు. మధ్యలో ఒక వాల్వు. ఆ వాల్వు మూసి, చక్రానికి గొలుసు చుట్టి తాళం వేసి, "తెరవరాదు" అని రేకు కట్టారు.

లోపలికి దిగవలసినవాడు నా ఈడు కుర్రాడే. నడుముకు తాడు కట్టుకుని, మాన్‌హోలు దగ్గర సిద్ధంగా కూర్చున్నాడు. పీపా లోపలినుంచి వెచ్చగా, తడి తడిగా గాలి వస్తోంది. అంతకు ముందే వేడినీరు తోడారు కాబట్టి వెచ్చగానే ఉంటుందని అందరూ అనుకున్నారు. అందులో వింతేమీ లేదు.

అప్పుడు మా పెద్దమేస్త్రీ గారు వచ్చారు. ఆయన చదువుకున్నది ఐదో తరగతి వరకే. చేతిలో ఎప్పుడూ ఒక సన్నని ఉక్కు కడ్డీ ఉండేది. పొడుగు రెండు మూరలు. ఒక కొన మొనగా ఉండేది, రెండో కొనకు గుండ్రని చెక్క పిడి. ఆయన కుర్రాడి భుజం మీద చెయ్యి వేసి, "కాస్త ఆగరా అబ్బాయీ" అని, తిన్నగా ఆ వాల్వు దగ్గరికి పోయారు. కడ్డీ మొనను వాల్వు ఒంటికి ఆనించి, చెక్క పిడిని చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకున్నారు.

ఒక నిమిషం తరవాత నన్ను పిలిచి కడ్డీ ఇచ్చారు. నేనూ విన్నాను. కాలిన పెనం మీద నీళ్ళు చిలకరిస్తే సుయ్‌మంటుంది చూడండి, ఆ చప్పుడు ఆగకుండా వస్తే ఎలా ఉంటుందో అలా ఉంది.

మా ఇన్‌చార్జి ఇంజనీరు గారికి తొందరగా ఉంది. సాయంత్రానికి పని ముగియాలని పైనుంచి ఉత్తరువు. ఆయన అన్నాడు: "మేస్త్రీ గారూ, ఇది పక్క యూనిట్టు చప్పుడు. గొట్టాలన్నీ ఒకదానికొకటి కలిసే ఉన్నాయి గదా! వాల్వు చక్రం చివరికంటా తిప్పించాను. ఇంకా తిరగదు."

"చక్రం తిరిగింది సార్, నిజమే. వాల్వు మూసుకుందని మీకెవరు చెప్పారు?" అన్నారు మేస్త్రీ గారు.

ఇంజనీరు గారి మాటలోనూ అర్థం లేకపోలేదు. ఇనుప గొట్టం చప్పుడును చాలా దూరం మోసుకుపోతుంది. కడ్డీలో వినిపించిన సుయ్‌మనే ధ్వని ఈ వాల్వులోనే పుట్టిందా, లేక ఎక్కడో పుట్టి ఇక్కడికి వచ్చిందా? అది తేలాలి. మేస్త్రీ గారు దానికి చేసిన ఉపాయం చూడండి.

వీధిలో ఏదో ఇంట్లో భజన జరుగుతోంది. ఏ ఇంట్లోనో తెలియదు. మీరు ఎలా కనుక్కుంటారు? వీధి వెంట నడుస్తారు. చప్పుడు హెచ్చుతూ వస్తుంది. ఒక ఇంటి ముందు అన్నిటికన్న గట్టిగా వినిపిస్తుంది. ఆ ఇల్లు దాటగానే తగ్గుతుంది. అంతే, ఆ ఇంట్లోనే భజన!

మేస్త్రీ గారు గొట్టం మీద వేడి పోకుండా చుట్టిన దళసరి పట్టీని నాలుగు చోట్ల తీయించారు. రెండు చోట్లు వాల్వుకు ముందు, ఒకటి వాల్వును ఆనుకుని అవతలివైపు, నాలుగోది ఇంకా పది అడుగుల అవతల. నాలుగు చోట్లా కడ్డీ ఆనించి విన్నాము. మొదటి రెండు చోట్లా చప్పుడు సన్నగా ఉంది. వాల్వు దగ్గర హోరుమంటోంది. నాలుగో చోట మళ్ళీ తగ్గింది. చప్పుడు పక్క యూనిట్టు నుంచి వస్తున్నదయితే ముందున్న చోట్లలోనే గట్టిగా ఉండాలి. పీపావైపు నుంచి వస్తున్నదయితే నాలుగో చోట గట్టిగా ఉండాలి. ఈ రెండూ కాదు. కాబట్టి అది వాల్వులోనే పుడుతోంది. వాల్వు పాసవుతోంది!

ఇంజనీరు గారు కడ్డీ తీసుకుని తానే స్వయంగా నాలుగు చోట్లా విన్నాడు. తరవాత మారు మాట్లాడలేదు. కుర్రాణ్ణి పక్కకు పంపి, ఇంకా వెనక ఉన్న మరో వాల్వు మూయించి, గొట్టం జాయింటు విప్పించి, మధ్యలో కన్నం లేని ఉక్కు పలకను బిగించమన్నాడు. దాన్ని బ్లైండు ప్లేటు అంటారు. మనిషి లోపలికి దిగే పని ఉన్నప్పుడు, ఒక్క మూసిన వాల్వును నమ్ముకోకుండా ఇటువంటి పలక వేయడమే క్షేమమైన పద్ధతి. ఆ పని పూర్తయేసరికి అర్ధరాత్రి దాటింది. ఆ కుర్రాడు మర్నాడు పొద్దున లోపలికి దిగి, తుప్పంతా గీకి, ఒళ్ళంతా ఎర్రమన్ను పూసుకున్నట్టుగా బయటికి వచ్చి టీ తాగాడు. ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడమే మేస్త్రీ గారు చేసిన పనికి ఫలితం.

తరవాత ఆ వాల్వు విప్పి చూశాము. సీటు మీద ఒక పక్క నుంచి మరో పక్కకు సన్నని గాడి పడి ఉంది. చక్రాన్ని ఎంత బలంగా బిగించినా ఆ గాడి పూడదు.

సరే, వాల్వులోని సందు ఎందుకు చప్పుడు చేస్తుంది? సైకిలు ట్యూబులో గాలి వదిలినప్పుడు మీరు వినే ఉంటారు. పెద్ద ఒత్తిడిలో ఉన్న గాలి ఇరుకు దారిలోంచి బయటపడేటప్పుడు నెమ్మదిగా రాదు, దూసుకువస్తుంది. అవతలివైపు ఒత్తిడి ఇవతలివైపు ఒత్తిడిలో సుమారు సగం కన్న తక్కువయితే, ఆ ఇరుకు సందులో గాలి గాని ఆవిరి గాని దానిలో ధ్వని పోయేంత వేగంతో పోతుంది! అంత వేగంతో పోయి, అవతల నెమ్మదిగా ఉన్నదానికి కొట్టుకుని, సుడులు తిరిగి, చెదిరిపోతుంది. ఆ సుడులే చప్పుడు. మా వాల్వుకు ఒకవైపు పది రెట్ల ఒత్తిడి, రెండోవైపు మాన్‌హోలు తెరిచిన పీపా. అందుచేతనే అది అంతగా హోరెత్తింది.

నీళ్ళ వాల్వు కారినా చప్పుడు వస్తుంది, కాని దాని తీరు వేరు. ఇరుకులో నీరు వేగంగా పోయేటప్పుడు అక్కడ ఒత్తిడి బాగా పడిపోయి, నీటిలో సన్నని బుడగలు పుడతాయి. కొంచెం అవతల ఒత్తిడి పెరగగానే ఆ బుడగలు ఫటుక్కున అణగిపోతాయి. వేల బుడగలు అలా అణగితే, గులకరాళ్ళు దొర్లుతున్నట్టు వినిపిస్తుంది.

ఇక, కడ్డీ ఎందుకు? చెవి దగ్గరగా పెడితే చాలదా? చాలదు. ధ్వని గాలిలో సెకండుకు సుమారు 340 మీటర్లు పోతుంది. నీటిలో సుమారు 1,480 మీటర్లు పోతుంది. ఉక్కులో అయితే 5,000 మీటర్లకు పైనే! అంతేకాదు, వాల్వు లోపల పుట్టిన చప్పుడు ఇనుములోంచి గాలిలోకి రావాలంటే చాలా భాగం ఆ సరిహద్దు దగ్గరే వెనక్కు తిరిగిపోతుంది. కడ్డీ ఆనిస్తే ఆ చప్పుడు ఇనుము నుంచి ఇనుములోకి, అక్కడినుంచి చెవికి నేరుగా వస్తుంది. దీన్ని మీరు బడిలోనే పరీక్షించవచ్చు. పొడుగాటి బల్ల ఒక కొనన మీ చెవి ఆనించండి. రెండో కొనన మీ స్నేహితుణ్ణి గుండుసూదితో మెల్లిగా గీకమనండి. గాలిలో వినపడని గీత చప్పుడు బల్లలోంచి స్పష్టంగా వినిపిస్తుంది.

ఈ బల్ల పరీక్ష చాలా పాతది. 1816లో పారిస్ నగరంలో లెన్నెక్ అనే వైద్యుడు ఒక యువతి గుండెను పరీక్షించవలసి వచ్చింది. ఆ రోజుల్లో వైద్యులు రోగి రొమ్ముకు చెవి ఆనించి వినేవారు. ఆమె విషయంలో అలా చేయడం ఆయనకు మర్యాదగా తోచలేదు. అప్పుడు ఆయనకు, దూలానికి ఒక కొనన సూదితో గీకితే రెండో కొనన వినిపిస్తుందన్న సంగతి జ్ఞాపకం వచ్చింది. కాగితాలను గొట్టంగా చుట్టి, ఒక కొనను రొమ్ముకూ, రెండో కొనను తన చెవికీ ఆనించాడు. గుండె చప్పుడు అంతకు ముందెన్నడూ లేనంత స్పష్టంగా వినిపించింది! తరవాత ఆయన చెక్క గొట్టం చేయించుకున్నాడు. అదే మొదటి స్టెతస్కోపు.

డాక్టరు గారు దానితో వినేది ఏమిటో తెలుసునా? మన గుండెలో నాలుగు కవాటాలు ఉన్నాయి. కవాటమంటే వాల్వే! అవి సరిగా మూసుకుంటే లబ్, డబ్ అని వినిపిస్తుంది. ఒక కవాటం సరిగా మూసుకోకపోతే, ఆ సందులోంచి రక్తం వెనక్కు దూరుతూ సన్నగా సుయ్‌మంటుంది. డాక్టరు గారు గుండె విప్పకుండానే ఆ కవాటం సంగతి చెబుతారు. మా మేస్త్రీ గారు చేసిందీ అదే వైద్యం, కాకపోతే ఇనుముకు.

అయితే కడ్డీకి ఒక చిక్కు ఉంది. విద్యుత్కేంద్రంలో పక్కవాడితో మాట్లాడాలన్నా కేకలు వేయాలి. అంత హోరులో పెద్ద సందు చప్పుడు వినిపిస్తుంది గాని, వెంట్రుకంత సందు చప్పుడు మునిగిపోతుంది. దానికి విరుగుడు ఎక్కడ దొరికిందో చెబితే మీరు ఆశ్చర్యపోతారు. గబ్బిలాల దగ్గర!

మన చెవి సెకండుకు 20 కంపనాల నుంచి 20,000 కంపనాల వరకు గల ధ్వనులను మాత్రమే వింటుంది. అంతకు మించినవి ఉన్నా మనకు లేనట్టే. వాటిని అతిధ్వనులు అంటారు. గబ్బిలాలు ఇటువంటి అతిధ్వనులతో కూతపెట్టి, అవి తగిలి తిరిగివచ్చే ప్రతిధ్వనిని విని చీకట్లో దారి తెలుసుకుంటాయి. 1938లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయంలో గ్రిఫిన్ అనే విద్యార్థి, పియర్సు అనే భౌతికశాస్త్రజ్ఞుడు తయారుచేసిన ఒక పరికరం ముందు గబ్బిలాలను పెట్టాడు. అంతవరకు ఎవరికీ వినపడని కూతలు ఆ పరికరంలో వినిపించాయి.

వినపడని ధ్వనిని వినపడేలా చేయడం ఎలా? సంగీతం నేర్చుకునే పిల్లలకు ఇది సులువుగా అర్థమవుతుంది. తంబురా శ్రుతి చేసేటప్పుడు రెండు తీగలు కొంచెం తేడాగా ఉంటే, ఊం... ఊం... అని ఒక అల లేస్తుంది. ఆ అల వేగం రెండు తీగల కంపనాల తేడాకు సమానం. యంత్రంలోనూ ఇటువంటి ఉపాయమే. బయటినుంచి వచ్చేది 40,000 కంపనాల ధ్వని అనుకోండి. యంత్రం లోపల 38,000 కంపనాలను పుట్టించి దానితో కలుపుతారు. తేడా 2,000. అది మన చెవికి హాయిగా వినిపిస్తుంది!

వాల్వు సందులోని సుడులు మనకు వినిపించే చప్పుడుతో పాటు అతిధ్వనులను కూడా పుట్టిస్తాయి. పంపులు, ఫ్యానులు చేసే హోరులో చాలా భాగం తక్కువ కంపనాలది. కాబట్టి తక్కువ కంపనాలను వదిలేసి అతిధ్వనులను మాత్రమే పట్టుకుంటే, ఆ హోరు చాలావరకు తొలగిపోతుంది. పైగా అతిధ్వనులు ఎక్కువ దూరం పోలేవు, త్వరగా నశిస్తాయి. అందుచేత అవి గట్టిగా వినిపించాయంటే, పుట్టినచోటు దగ్గరలోనే ఉందన్నమాట.

1990ల్లో మా కేంద్రానికి అటువంటి పరికరం వచ్చింది. ఆకారం పిస్తోలు లాగా ఉండేది. ముందు ఒక లోహపు పుల్ల, వెనక ఒక ముల్లు తిరిగే గడియారం, చెవులకు తగిలించుకునే హెడ్‌ఫోను. మేస్త్రీ గారు అప్పటికి ఉద్యోగం చాలించబోతున్నారు. ఆయన దాన్ని ఒక వాల్వుకు ఆనించి, చాలాసేపు విని, హెడ్‌ఫోను తీసి నా చేతికి ఇస్తూ, "ఇది నా కడ్డీయేరా, కాకపోతే చదువుకున్న కడ్డీ" అన్నారు. దానితోనూ మేము ఆ నాలుగు చోట్ల పద్ధతినే పాటించాము. తేడా అల్లా, చెవి చెప్పినదాన్ని ముల్లు అంకెల్లో చూపింది. అంకెలు ఉంటే పుస్తకంలో రాసుకోవచ్చు. పోయిన నెల 20 ఉన్న వాల్వు ఈ నెల 35 అయిందంటే, గాడి పెరుగుతోందన్నమాట.

"చక్రం తిరిగింది నిజమే, వాల్వు మూసుకుందని ఎవరు చెప్పారు?" అన్న మాట చిన్నదిగా కనిపిస్తుంది. ఆ ప్రశ్న సమయానికి తేలకపోతే ఏమవుతుందో లోకమంతా ఒకసారి చూసింది.

1979 మార్చి 28. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, సస్క్వెహానా నదిలోని ఒక లంక మీద త్రీ మైల్ ఐలండ్ అనే అణువిద్యుత్కేంద్రం ఉంది. తెల్లవారుజామున సుమారు నాలుగు గంటలకు రెండవ యూనిట్టులో నీటి పంపులు ఆగిపోయాయి. లోపల ఒత్తిడి పెరిగింది. ఒత్తిడి పెరిగితే తనంతట తాను తెరుచుకునే వాల్వు ఒకటి ఉంది. అది తెరుచుకుంది. ఒత్తిడి తగ్గగానే మూసుకోవాలి. "మూసుకో" అన్న విద్యుత్ ఆజ్ఞ దానికి అందింది. కంట్రోలు గదిలోని దీపం ఆరిపోయింది. దీపం ఆరింది కాబట్టి వాల్వు మూసుకుందని అక్కడివారు అనుకున్నారు.

కాని ఆ దీపం చెప్పింది ఆజ్ఞ సంగతి మాత్రమే. వాల్వు సంగతి కాదు! వాల్వు తెరుచుకునే ఉండిపోయింది. అణుకొలిమిని చల్లబరచవలసిన నీరు దానిలోంచి రెండు గంటలకు పైగా పోతూనే ఉంది. ఆ వాల్వు తరవాతి గొట్టం వేడిగా ఉన్నదని కొలతలు చెప్పాయి. అయితే అక్కడ కొన్ని వారాలుగా కొద్దికొద్దిగా కారుతూనే ఉండేది. గొట్టం వేడిగా ఉండడం వారికి అలవాటయిపోయింది. అందుచేత ఆ హెచ్చరికను ఎవరూ పట్టించుకోలేదు. చూశారా, చిన్న కారుడును ఓర్చుకుంటే అది పెద్ద కారుడుకు ముసుగు అయింది! చివరకు వాల్వు సంగతి గ్రహించి, దాని దారిలో ఉన్న మరో వాల్వు మూశారు. అప్పటికే ఆలస్యమైంది. కొలిమి లోపలి ఇంధనంలో సుమారు సగం కరిగిపోయింది. ఆ ప్రమాదంలో అక్కడ ఎవరూ చనిపోలేదు గాని, ఆ రెండవ యూనిట్టు మళ్ళీ ఎన్నడూ నడవలేదు.

ఆ తరవాత అమెరికా అణు నియంత్రణ సంఘం ఒక నియమం పెట్టింది. అటువంటి వాల్వు తెరిచి ఉందో, మూసి ఉందో తెలియడానికి ఆజ్ఞను చూపే దీపం చాలదు, వాల్వు అసలు స్థితినే నేరుగా చూపాలి. దానికి చాలా కేంద్రాలు ఎంచుకున్న ఉపాయం ఏమిటంటే, వాల్వు తరవాతి గొట్టానికి ఒక చిన్న చెవిని తగిలించడం! అది గొట్టం అదురును విద్యుత్తుగా మార్చి కంట్రోలు గదికి పంపుతుంది. వాల్వులోంచి ఆవిరి పోతుంటే గొట్టం అదురుతుంది. పోకపోతే ఊరుకుంటుంది. మా మేస్త్రీ గారి కడ్డీకి అది దూరపు చుట్టమే.

ఇవాళ ఇటువంటి చెవులు చాలా కర్మాగారాల్లో వాల్వుల మీద రాత్రింబగళ్ళు అతుక్కునే ఉంటున్నాయి. అవి విన్నదాన్ని తీగలు లేకుండానే కంప్యూటరుకు పంపుతాయి. నిన్నటి చప్పుడుకూ ఇవాళ్టి చప్పుడుకూ తేడా వస్తే కంప్యూటరు మనిషిని పిలుస్తుంది.

అయితే ధ్వని ఒక్కటే సర్వం చెబుతుందని అనుకోకండి. రెండువైపులా ఒత్తిడి సమానమయితే, సందు ఉన్నా ఏమీ కారదు, చప్పుడూ రాదు. మెల్లగా ఊరే తడి కూడా చప్పుడు చెయ్యదు. అందుచేత తెలిసినవారు చప్పుడు విన్నాక వేడి చూస్తారు, ఒత్తిడి చూస్తారు, అన్నీ ఒకే మాట చెబుతున్నాయా అని సరిచూస్తారు. ప్రాణం మీదికి వచ్చే పని అయితే, అన్నీ సరిగానే ఉన్నా బ్లైండు ప్లేటు వేయక మానరు.

ఇదంతా పెద్ద కర్మాగారాల సంగతి. మీ ఇంట్లోనూ మూతి కనపడని కుళాయి ఒకటి ఉంది. మరుగుదొడ్డిలో నీళ్ళు వదిలే తొట్టి ఉంటుంది చూడండి, దాని అడుగున ఒక చిన్న వాల్వు ఉంటుంది. అది పాసయితే బయట చుక్క కనపడదు. నీరు గోడ వెంట సన్నగా జారి నేలలోకి పోతుంది. రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక, చప్పుళ్ళన్నీ సద్దుమణిగాక, ఆ తొట్టికి ఒక చెక్క గరిటె కాడ ఆనించి, రెండో కొన చెవికి ఆనించి వినండి. అన్ని కుళాయిలూ కట్టేసి ఉంటే అక్కడ నిశ్శబ్దంగా ఉండాలి. సన్నగా సుయ్‌మంటే అనుమానించండి. వేడినీళ్ళ గొట్టాల దగ్గరా, గ్యాసు గొట్టాల దగ్గరా, కరెంటు మోటార్ల దగ్గరా మాత్రం ఈ పరీక్ష చేయకూడదు సుమా!

అనుమానం వస్తే మేస్త్రీ గారి లాగే రెండో సాక్ష్యం తీసుకోండి. నాన్నగారికి చెప్పి, తొట్టిలోని నీళ్ళలో నాలుగు చుక్కలు బట్టల నీలిమందు వేయించండి. అరగంట వరకు ఎవరూ నీళ్ళు వదలకూడదు. తరవాత కింద చూడండి. నీళ్ళు తెల్లగానే ఉంటే వాల్వు మంచిదే. నీలంగా కనిపిస్తే, మూసి ఉన్నదనుకున్న వాల్వు పాసవుతోంది. దాని రబ్బరు బిళ్ళ మార్పించండి. ఆ రాత్రి మళ్ళీ గరిటె పెట్టి వినండి.